చీటీ రాసుకున్నా చేతిలో పైసా మిగలట్లేదా? బరంపురం జంటకు బజారు లెక్కలు

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒడిశాలోని బరంపురంలో కొత్తగా కాపురం పెట్టారు. ఇద్దరి సంపాదనా కలిపి నెలకు 45 వేలు. చీటీ రాసుకునే బజారుకు వెళ్తున్నారు. అయినా ప్రతిసారీ రెండు మూడు వేలు ఎక్కువే అవుతోంది. తిరిగొచ్చేటప్పుడు బండి మీదే గొడవ. దసరాకి ఫ్రిజ్జూ వాషింగ్ మెషీనూ వాయిదాల్లో తీసుకోవచ్చా, బట్టలకు సరిహద్దు దాటి ఆంధ్రలోని ఇచ్ఛాపురమో విశాఖో వెళ్తే చవకా అని కూడా అడిగారు.

ముందు చీటీ సంగతి. మీరు రాసుకునేది వస్తువుల పేర్లు మాత్రమే. ‘కుక్కరు’ అని రాసుకుని వెళ్తే కొట్టువాడు మూడు లీటర్లది చూపించి ఏడు లీటర్లది అమ్ముతాడు. ‘కుక్కరు, 3 లీటర్లు, 1,800 లోపు, ఎంపిక ఆమెది’ అని రాసుకుంటే మాట్లాడటానికి ఇంకేం మిగలదు. పరిమాణం, ధరకు పైహద్దు, ఆఖరి మాట ఎవరిది. ఈ మూడూ ఇంట్లోనే తేలాలి. మొదటి రెండూ కొందరైనా రాస్తారు, మూడోది దాదాపు ఎవరూ రాయరు. మీ గొడవ మొదలయ్యేది అక్కడే. ఎవరు ఎక్కువ వాడతారో ఎంపిక వాళ్లకి వదలండి. ధర అడగడం, బిల్లు చూడటం రెండోవాళ్లు చెయ్యండి. ఎంచుకునే మనిషే బేరమూ ఆడితే, నచ్చిందన్న సంగతి కళ్లలో కనిపించిపోతుంది.

డబ్బు విడగొట్టడం మీ అంకెలతోనే చూద్దాం. అద్దె 8,000, కరెంటు, గ్యాసు, ఫోన్లు 2,500, పెట్రోలు 2,000, ఇరువైపుల పెద్దలకు పంపేది 5,000, పొదుపు 7,000. ఇవి పోగా 20,500 మిగులుతుంది. అందులో సరుకులు, పాలు, కూరలు, చేపలకు 10,500. వస్తువుల కోసం పక్కన పెట్టేది 3,000. పండగలు, పెట్టుపోతలకు 2,500. మందులకీ అనుకోని ఖర్చుకీ 1,500. మిగిలిన 3,000 చెరి సగం సొంత ఖర్చు. మీ అద్దె, మీ పెద్దల అవసరాలు వేరుగా ఉండొచ్చు. అంకెలు మార్చుకోండి, పద్దులు మాత్రం మార్చకండి.

ఆ సొంత 1,500కి లెక్క అడగకూడదు. ఇది ఔదార్యం కాదు, లెక్క శుభ్రంగా ఉండటానికే. సొంత డబ్బు లేని ఇంట్లో ఆయన హెడ్‌సెట్ ‘ఆఫీసు అవసరం’ అవుతుంది, ఆమె క్లిప్పులూ క్రీములూ కిరాణా బిల్లులో కలిసిపోతాయి. నెలాఖరుకి సరుకుల ఖర్చు పెరిగిందంటారు. పెరిగింది సరుకుల ఖర్చు కాదు.

వారం లెక్కలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నెల మొదట్లో కిరాణాకి 4,500 పోతే మిగిలేది 6,000. దాన్ని నాలుగుతో భాగించి వారానికి 1,500 అనుకుంటారు. 28వ తేదీకే డబ్బు అయిపోతుంది, ఆఖరి రెండు మూడు రోజులు అప్పు. 30తో భాగించి ఏడుతో గుణించండి. వారానికి 1,400. ఆ డబ్బు సోమవారం తీసుకోండి. శనివారం చేతికొస్తే ఆదివారం కోడికూరకీ గోపాలపురం బీచి షికారుకీ సగం కరిగిపోతుంది.

ఫోన్లో చెల్లించేవాళ్లు వారం ఖర్చుకి విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకుని, దాన్నే యూపీఐకి కలపండి. ప్రతి సోమవారం అందులోకి 1,400 మాత్రమే వెయ్యండి. పిన్ కొట్టకుండా చిన్న మొత్తాలు చెల్లించే యూపీఐ లైట్ సులువే గానీ దానికో చిక్కుంది. అందులోకి డబ్బు వేసింది మాత్రమే బ్యాంకు పద్దులో కనిపిస్తుంది, విడివిడి చెల్లింపులు కనపడవు. పది చోట్ల వంద వంద పెట్టినది ఒక్క వెయ్యిగా తేలుతుంది. దేనికి పోయిందో ఇద్దరికీ గుర్తుండదు.

ఇప్పుడు కొట్లో జరిగేది. బట్టల కొట్టునే తీసుకుందాం, ఎక్కువ జారేది అక్కడే. గిరి రోడ్డులోనైనా పెద్ద బజారులోనైనా పరుపు మీద కూర్చోబెట్టి మొదట అడిగేది ‘ఎంతలో చూపించమంటారు?’ అని. మీ హద్దు 2,500 అయితే 1,800 అని చెప్పండి. చెప్పిన ధరలో నాలుగు చూపిస్తారు, తర్వాత ‘కొనక్కర్లేదమ్మా, ఊరికే చూడండి’ అంటూ ఆ పై మెట్టువి రెండు విప్పుతారు. వాటిని చూశాక కింద పరిచినవి వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఇది ప్రతి కొట్లోనూ జరిగేదే, మోసం కాదు, అమ్మకం. మీరు 1,800 అని ఉంటే పై మెట్టు 2,300, 2,400 దగ్గర ఆగుతుంది. 2,500 అని ఉంటే 3,400 దాకా పోతుంది.

తర్వాత గుమాస్తా చూసేది భర్త ముఖం. ‘బాబుగారూ, అమ్మగారికి ఎలా ఉంది చెప్పండి’ అంటాడు. ‘నీ ఇష్టం’ అన్నారా, అక్కడితో బేరం అయిపోయినట్టే. ‘అంత ఎందుకు’ అన్నా అంతే. పదిమంది ముందు మాట పడిందని ఆమె పంతానికి కొంటుంది, లేదా పిసినారి అనిపించుకోవడం ఇష్టం లేక మీరే కొనేస్తారు. అందుకే ఒక గుర్తు మాట పెట్టుకోండి. ‘అత్తయ్యకి ఒకసారి ఫోన్ చేద్దాం’ లాంటిది ఏదైనా. ఎవరు ఆ మాట అన్నా ఇద్దరూ లేచి బయటకు రావాలి. బయట అయిదు నిమిషాలు మాట్లాడుకోండి. ఇరవై చీరలు విప్పించి కొనకుండా ఎలా వెళ్తామన్న మొహమాటం వద్దు. మడతపెట్టడం వాళ్లకి రోజూ పనే.

చీర మీద రాసిన ధర చీర ధర కాదు. 2,200 చీరకి ఫాలూ పీకోకి 150, లైనింగుతో జాకెట్టు కుట్టు 500, జతకి లంగా 250. కట్టుకునే వేళకి 3,100. చీటీలో పైహద్దు రాసేటప్పుడు ఈ మొత్తాన్నే రాయండి. మగవాళ్ల బట్టల్లోనూ ఇంతే. గుడ్డ చవకగా దొరికిందని తీసుకుంటే కుట్టుకూలితో కలిపి రెడీమేడ్‌ని దాటిపోతుంది.

రెడీమేడ్ బట్టల పన్నులో ఒక మెట్టుంది, తెలిస్తే డబ్బు మిగులుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో బట్ట 2,500 దాకా అయితే జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. పన్ను కలపని ధర 2,500 అయితే మీరిచ్చేది 2,625. పన్ను కలపని ధర 2,600 అయితే 468 పన్నుతో 3,068. వంద రూపాయల తేడాకి 443 పోతోంది. బిల్లులోనే వంద తగ్గించి వేయించుకుంటే పన్ను కింది మెట్టుకి దిగుతుంది. పన్ను కలిపిన ధర ట్యాగు మీద ఉన్నప్పుడు, 2,950 నుంచి 3,100 మధ్య ఉన్న డ్రెస్సుల దగ్గర ఈ మాట అడిగి చూడండి. మొత్తం బిల్లుకి కాదు, ఒక్కో బట్టకి విడిగా వర్తిస్తుందని మరవకండి.

బరంపురంలో ఉంటూ పట్టు గురించి చెప్పకుండా పోలేను. ఇక్కడి ఫోడా కుంభ అంచు పట్టుచీరకీ, మగవారు కట్టుకునే పట్టు జోడుకీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు చెప్పి మర నేత పాలిస్టరు అమ్మేవాళ్లూ ఉన్నారు. సిల్క్ మార్క్ లేబుల్ ఉన్నది తీసుకోండి. అనుమానముంటే కొంగు చివర కుచ్చులోంచి పడుగు పోగొకటి, పేక పోగొకటి తీయించి కాల్చమనండి. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన, వేళ్ల మధ్య నలిగే బూడిద. పాలిస్టరు కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది. పడుగు పట్టు, పేక పాలిస్టరు ఉండే చీరలుంటాయి కాబట్టి ఒక్క పోగుతో సరిపెట్టకండి. కాల్చనివ్వని కొట్లో పట్టు కొనకపోతే సరి.

సరిహద్దు ఊళ్ల జంటలకి ఇంకో భారముంది, రెండు పంచాంగాలు. ఒడియా ఇరుగుపొరుగుతో పాటు జూన్ మధ్యలో రొజొ పండక్కి కొత్త బట్టలు, మార్గశిర గురువారాల లక్ష్మీపూజ. మన ఉగాది, సంక్రాంతి ఎలాగూ తప్పవు. దసరా ఇద్దరిదీ. రెండేళ్లకోసారి ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్ర వస్తే చుట్టాల రాకపోకలు. ఏడాదికి సరిపడా కాగితం మీద రాసి, ఏ పండక్కి ఎవరికి బట్టలో ముందే తేల్చండి. పెళ్లయిన మొదటి ఏడాది ఇరువైపులా పెట్టాలనిపిస్తుంది. మొదటి ఏడు పెట్టింది రెండో ఏడు తగ్గిస్తే మాట వస్తుంది కాబట్టి, మోయగలిగిన దగ్గరే మొదలుపెట్టండి. పెట్టుపోతల 2,500 నెల నెలా వేరే డబ్బాలో పడితే ఏడాదికి 30 వేలు. అదే హద్దు.

రెండు పంచాంగాల వల్ల లాభమూ ఉంది. రొజొ ముందు వారం ఇక్కడి బట్టల కొట్లలో గిరాకీ ఎక్కువ, తగ్గింపు తక్కువ. రొజొకి కొద్ది రోజులకో కొన్ని వారాలకో మన ఆషాఢం వస్తుంది. పెళ్లిళ్లు ఉండవు, అటు ఆంధ్రలో కొట్లన్నీ ఆషాఢం తగ్గింపులు పెడతాయి. రోజువారీ చీరలు, దుప్పట్లు, తువ్వాళ్లు అప్పటిదాకా ఆపుకుంటే సరి. కాకపోతే కొత్త దంపతులకు ఆ నెలలో ఎడబాటు. ఆమె పుట్టింట్లో, ఆయన ఇక్కడ, కొనుగోళ్లు రెండు చోట్ల. ఇద్దరూ దుప్పట్లు కొనేస్తారు. ఫోన్లో ఒకే చీటీ పంచుకుని, కొన్న వెంటనే కొట్టేయండి. తగ్గింపు చీరల్ని మడత గీతల దగ్గర విప్పి వెలుతురులో చూడాలి. ఏడాదిగా మడతలో ఉన్న సరుకు రంగు వెలిసేదీ, జరీ నల్లబడేదీ అక్కడే.

ఇచ్ఛాపురం మాటకొస్తే, పన్ను తక్కువని సరిహద్దు దాటడంలో అర్థం లేదు. 2017 జులై 1 నుంచి జీఎస్టీ రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కటే. జీఎస్టీలో లేని పెట్రోలు ఒడిశాలోనే చవక కాబట్టి, వెళ్లాల్సి వస్తే ఇక్కడే నింపుకుని వెళ్లండి. ఇచ్ఛాపురం 25 కిలోమీటర్ల దూరం. బండి మీద పోయిరావడానికి వంద నూటయాభై. విశాఖకి రైలు, ఆటోలు, భోజనం కలిపి ఇద్దరికీ తేలిగ్గా 1,500 దాటుతుంది. ఆదా అవుతుందనుకున్న మొత్తం దారిఖర్చుకి రెట్టింపు లేకపోతే వెళ్లకండి. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అని కొనేవి ఆ తేడాని మింగేస్తాయి. పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం పక్కనే కాబట్టి వాళ్ల లెక్క వేరు. పెళ్లి బట్టల్లాంటి పెద్ద కొనుగోలుకి విశాఖ సరే, రెండు చీరలకి కాదు.

యంత్రాల్ని మాత్రం సరిహద్దు అవతల కొనేముందు ఒక పని చెయ్యాలి. వారంటీ దేశమంతా ఉంటుంది. కానీ బిగించడానికి వచ్చే మనిషిని కంపెనీ పిన్‌కోడు చూసి పంపుతుంది, కొట్టువాడి ఉచిత డెలివరీ చెక్‌పోస్టు దాకానే కావచ్చు. డబ్బు కట్టకముందే కంపెనీ నంబరుకి ఫోన్ చేసి మీ పిన్‌కోడు చెప్పి, ఎవరు వస్తారో, ఎంత తీసుకుంటారో అడగండి.

కిరాణాలో డబ్బు పోయేది ధర దగ్గర కాదు, పరిమాణం దగ్గర. బయల్దేరేముందు డబ్బాలు తెరిచి చూడండి. మూత తియ్యకుండా గుర్తున్నదాన్ని బట్టి రాస్తే, ఇంట్లో మూడు ఆవాల ప్యాకెట్లు తేలతాయి. ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకో మిల్లీలీటరుకో ధర అచ్చువేస్తున్నారు, అక్షరం చిన్నదిగా ఉంటుంది. పోల్చాల్సింది దాన్నే. 85 గ్రాములు 20 రూపాయలంటే కిలో 235. అదే సరుకు 500 గ్రాములు 110 అయితే కిలో 220. పెద్దది చవకే, కానీ ఇద్దరున్న ఇంట్లో సగం గడ్డకట్టి పారేస్తే ఖరీదవుతుంది. షాంపూలో తిరగబడుతుంది. చాలా రకాల్లో సాచెట్‌దే మిల్లీలీటరు ధర తక్కువ. నూనెలో లీటరు, కిలో ఒకటి కాదు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఈమధ్య 800, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా లీటరు ప్యాకెట్ల పక్కనే పెడుతున్నారు. చూడటానికి తేడా తెలియదు.

బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకు ఉంటుందో తెలుసా? ముద్రవేసి కట్టిన 25 కిలోల దాకా ఉన్న సంచికి 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. అది దాటితే లేదు. ఒక కిలో కలిపి పన్ను తప్పించారు, ఆ తగ్గింపు మనకీ వర్తిస్తుంది. ఇద్దరికి నెలకి 12 నుంచి 14 కిలోలు సరిపోతుంది కాబట్టి ఒక బస్తా రెండు నెలలు. వానాకాలంలో రెండు బస్తాలు కొని పెట్టకండి, తేమకి పురుగు పడుతుంది. చింతపండు మార్చి, ఏప్రిల్లో కొత్త పంట వస్తుంది. రాయగడ, గుణుపురం వైపు సంతల్లో గింజ తీసినదీ తీయనిదీ రెండూ దొరుకుతాయి. గింజలో, ఈనెలో బరువు చాలా పోతుంది కాబట్టి రెండింటి ధరా నేరుగా పోల్చకండి. ఇద్దరికి ఏడాదికి ఐదారు కిలోలు, ఉప్పు కలిపి జాడీలో. పసుపు కొమ్ములైతే కంధమాల్‌వి కొని ఆడించుకోండి. సంతలో కుంచం, అడ్డ లెక్కన అమ్మే గింజల్ని అక్కడే కాటా వేయించండి, కొలత ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

కోడి దగ్గర ‘లైవ్ రేటు’ చూసి చవకనుకుంటారు. 2 కిలోల కోడికి తోలు తీశాక దక్కేది సుమారు 1.3 కిలోలు. లైవ్ కిలో 130 అంటే కూర కిలో 200 పడ్డట్టు. కోసి పెట్టినది 200 లోపు ఇస్తే అదే మేలు. చేపకి కూడా శుభ్రం చెయ్యక ముందే తూకం వేస్తారు. తల పెద్దగా ఉండే రకాల్లో మూడో వంతు దాకా పోతుంది.

వీధి కొట్లో ఖాతా పెట్టుకోవడం తప్పు కాదు. నెలాఖరుకి కట్టడమే తప్పు. మీ దగ్గరా ఒక పుస్తకం ఉంచి, వారం వారం సరిచూసి కట్టెయ్యండి. నెల దాటిన ఖాతాలో ఎవరూ ధర అడగరు.

ఇక ఫ్రిజ్జూ మెషీనూ. దసరాకి రెండూ వద్దు. ముందు ఫ్రిజ్, అది కూడా చేతిలో డబ్బుతో. ఇక్కడి ఉక్కకి పెరుగు, కూరలు, పచ్చిచేపలు పాడవకుండా నెలనెలా డబ్బు మిగిల్చేది అదే. ఇద్దరికి 180 నుంచి 200 లీటర్ల సింగిల్ డోర్ చాలు. నెలకి 3,000 చొప్పున జులై నుంచి వేస్తే నవంబరుకి 15,000. ఆ ధరకి దొరుకుతుంది. దీపావళి దాటాక, చలికాలంలో గిరాకీ తగ్గి బేరం కూడా బాగా సాగుతుంది. తర్వాత మరో నాలుగు నెలలకి 7 కిలోల సెమీ ఆటోమేటిక్ వస్తుంది. కుళాయి నీళ్లు వేళకే వచ్చే వీధిలో ఉంటే నా ఓటు సెమీకే. బకెట్‌తో పోసుకోవచ్చు. ట్యాంకు ఎత్తు చాలకపోతే ఫుల్ ఆటోమేటిక్ టాప్ లోడ్ నిండటానికే సేపు పట్టి మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు విడిగా పంపు పెట్టుకోవాలి, ఆ ఖర్చు ముందు ఎవరూ చెప్పరు.

నక్షత్రాల లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, చూడాల్సింది అది. ఒకటి 190, ఇంకోటి 150 యూనిట్లు, ధరలో తేడా 2,000 అనుకోండి. యూనిట్ 5 రూపాయలైతే ఏడాదికి మిగిలేది 200. పదేళ్లకి గానీ తిరిగిరాదు. ఏసీకి ఈ లెక్క వేరు, వాడకం ఎక్కువ కాబట్టి నక్షత్రం పెరిగితే త్వరగా గిట్టుతుంది. ‘జీఎస్టీ తగ్గింది’ అన్న బోర్డు ఫ్రిజ్ మీదా వాషింగ్ మెషీన్ మీదా కనిపిస్తే నవ్వుకోండి. 2025లో 28 నుంచి 18కి తగ్గింది ఏసీలకీ, 32 అంగుళాలు దాటిన టీవీలకీ. ఫ్రిజ్జూ వాషింగ్ మెషీనూ అంతకుముందు నుంచే 18లో ఉన్నాయి. కంప్రెసరుకి పదేళ్ల వారంటీ అంటే ఆ విడిభాగానికే. గ్యాసు, కూలి, రాకపోకల ఖర్చు అందులో ఉన్నాయేమో కాగితం మీద చదవండి.

వడ్డీ లేని వాయిదా అన్న మాటని విప్పి చూద్దాం. మెషీను 18,000, నగదుకి 17,000 ఇస్తానన్నాడు. క్రెడిట్ కార్డు మీద ఆరు నెలలు 3,000 చొప్పున పెట్టారు. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అయితే, ఆరు నెలల వడ్డీ సుమారు 762. దాన్ని అమ్మకందారు ముందే తగ్గించి చూపిస్తాడు, కాబట్టి మీకు కనపడదు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 137 మీ కార్డు మీదే పడుతుంది. ప్రాసెసింగ్ 199 అనుకుంటే జీఎస్టీతో 235. మొత్తం 18,372. నగదుతో పోలిస్తే 1,372 ఎక్కువ. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి, ఇది ఏడాదికి 27, 28 శాతం వడ్డీతో సమానం. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకి మూడున్నర శాతం దాకా వేసే కార్డులున్నాయి. నగదు తగ్గింపు ఏమీ లేదని తేలితే, ప్రాసెసింగ్ రుసుం లేకపోతే వాయిదా తీసుకోండి. అందుకే కొట్లో మొదటి ప్రశ్న ‘ఇప్పుడే మొత్తం కడితే ఎంత?’ అని ఉండాలి. వాయిదాల మాట ఆ జవాబు వచ్చాకే ఎత్తాలి.

దసరా నెలలో చేతులు ఖాళీ చేసుకోవద్దనడానికి ఈ తీరానికి ఇంకో కారణముంది. ఫైలిన్ తుపాను వచ్చింది 2013 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. రెండూ పండగ రోజుల్లోనే. కరెంటు రోజుల తరబడి లేకపోతే కొత్త ఫ్రిజ్ అలమరాగా పనికొస్తుంది. ఆ నెల ఐదువేలు నగదుగా, ఒక గ్యాసు సిలిండరు నిండుగా ఉంచండి. ఏటీఎంలు, ఫోన్ చెల్లింపులు పనిచెయ్యని రోజుల్లో అరువు కూడా దొరకదు.

మీరు అడగలేదు గానీ ధనత్రయోదశికి బంగారం మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాంకెల గుర్తు లేని నగ ముట్టుకోకండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే నగ రకం, స్వచ్ఛత తెలుస్తాయి. 22 క్యారెట్లయితే 916 అని ఉండాలి. లెక్క సులువు కోసం గ్రాము 10,000 అనుకుందాం. 8 గ్రాములు 80,000, తరుగు, మజూరీ 12 శాతం 9,600, మీద 3 శాతం జీఎస్టీ 2,688. మొత్తం 92,288. రేపే అమ్మినా 12,288 తిరిగి రాదు. పొదుపు కోసమే అయితే నగ చేయించకండి, పెట్టుకోవడానికైతే పనితనం తక్కువున్నది తీసుకోండి. రాళ్ల బరువు బంగారం ధరకి తూచారేమో బిల్లులో విడిగా రాయించండి.

బిల్లు అన్నిటికీ తీసుకోండి, ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి. వేడికి అచ్చు చెరిగిపోయే కాగితం మీదే ఇప్పుడు చాలా బిల్లులు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చువేసినంత మాత్రాన లోపమున్న సరుకుకి అది చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపారం. బిల్లు ఇవ్వననడం కూడా అంతే. రంగు నచ్చలేదని తెచ్చిన దానికి మాత్రం ఇది వర్తించదు, అది కొట్టువాడి దయ. మాట వినకపోతే 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి రుసుం లేదు. ఇచ్ఛాపురంలో కొన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే, అంటే గంజాంలోనే వేసుకోవచ్చు.